వాన ఎక్కువైతే డెంగీ ఎక్కువా? ఓరుగల్లు వైపు దోమల లెక్క

మీరు రెండు సంగతులు అడిగారు. హన్మకొండలో మీ కాలనీ నీట మునిగిన ఏడు డెంగీ అంతగా రాలేదు, వానలు సరిగ్గా పడని ఏడు మాత్రం ఇంటికొకరు మంచాన పడ్డారు, ఇదెట్లా అని మొదటిది. ఎల్‌నినో, వాతావరణ మార్పు అంటూ పేపర్లలో వచ్చేదానికీ మన ఇంట్లో జ్వరానికీ నిజంగా సంబంధం ఉందా అని రెండోది. మలేరియా విభాగంలో ఉద్యోగం చేస్తూ వరంగల్, ములుగు, ఏటూరునాగారం వైపు దోమల వెంట చాలా ఏళ్లు తిరిగినవాణ్ని, తెలిసినంత చెప్తాను. జవాబు కొంచెం పొడుగే.

మీరు చూసింది నిజమే, అందులో వింతేం లేదు. వాన పెరిగితే దోమ, దోమ పెరిగితే జ్వరం అని అందరం ఒక వరుస పెట్టుకున్నాం. మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూస్తే ఏమీ తేలదు. ఎట్లా పడింది, మధ్యలో ఎన్నాళ్లు తెరిపిచ్చింది, ఆ నీళ్లు ఎక్కడ ఆగాయి, అప్పటి ఎండ ఎంత? ఈ నాలుగూ కలిపి చూడాలి. పైగా ఏ దోమ గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోవాలి.

మన దగ్గర జబ్బులు మోసేవి ముఖ్యంగా మూడు జాతులు. డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఏడిస్. కాళ్ల మీద తెల్లచారలుంటాయి, పగటిపూట కుడుతుంది, ఇంట్లో పుట్టి ఇంట్లోనే తిరుగుతుంది. దీనికి గోలెం, డ్రమ్ము, సంపు, పాత టైరు, కొబ్బరిచిప్ప లాంటి వాటిలో నిలిచిన తేటనీళ్లు కావాలి. మలేరియా తెచ్చే అనాఫిలిస్‌కు వాగులు, ఒర్రెలు, బావులు, వానగుంటలు. క్యూలెక్స్‌లో రెండు రకాలు: మురికికాల్వల్లో పుట్టి బోదకాలు మోసేది ఒకటి, వరిమళ్లలో పుట్టి మెదడువాపు మోసేది ఇంకొకటి. ఒకే వాన వీటిలో ఒకదాన్ని పెంచుతుంది, ఇంకోదాన్ని తుడిచిపెడుతుంది. అందుకే ఫిబ్రవరి, మార్చిలో సాయంత్రం బయట కూర్చోలేనన్ని దోమలు ముసిరినా డెంగీ రాదు. అవి కాల్వల్లో నీళ్లు తగ్గి మురికి చిక్కబడ్డప్పుడు పుట్టే క్యూలెక్స్. సెప్టెంబరులో దోమలే లేవు కదా అనుకునే ఇంట్లో డెంగీ వస్తుంది. నాలుగు ఏడిస్ దోమలు ఉన్నా చాలు, ఒక్కో దోమ కడుపు నిండేలోపు ఇద్దరు ముగ్గుర్ని కుడుతుంది.

ఇప్పుడు మీ మునిగిన ఏడు సంగతి. 2023 జులై చివరివారం గుర్తుంది కదా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, మోరంచపల్లి మునిగింది, వరంగల్‌లో నాలాలు పొంగి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అంత వాన పడితే గోలేల్లో, టైర్లలో ఉన్న లార్వాలు, అంటే నీళ్లలో ఈదే దోమ పిల్లపురుగులు, పొర్లిపోయి కొట్టుకుపోతాయి. ఏడిస్ లార్వా కదలని నీళ్లలో బతికే జీవి, పారే నీళ్లలో నిలవలేదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ పరిశోధకులు ఆ నగరం లెక్కలు తీసి 2025 జనవరిలో ఇదే మాట అంకెల్లో చెప్పారు. వారానికి 150 మిల్లీమీటర్ల దాకా పడే ఓ మోస్తరు వానలు డెంగీ మరణాల్ని పెంచుతున్నాయి, అది దాటితే తగ్గుతున్నాయి. పుణె అంకెను ఉన్నదున్నట్టు వరంగల్‌కు తెచ్చిపెట్టలేం కానీ దారి అదే. పెద్దవాన దోమను కడిగేస్తుంది, రోజు విడిచి రోజు పడే జల్లు పెంచుతుంది.

అట్లాగని వరద వస్తే నిశ్చింత అనుకోకండి. కొట్టుకుపోయేది లార్వా మాత్రమే. గుడ్లు పాత్ర గోడకు జిగురుతో అతుక్కుని ఉంటాయి, పోవు. వరద తీసిన వారం పది రోజులకు కొత్త తరం బయటికొస్తుంది. పైగా వరద తెచ్చిన చెత్తలో ప్రతి ప్లాస్టిక్ డబ్బా ఒక కుండే. నీళ్లెక్కిన సెల్లార్లు, లిఫ్టు గుంతలు, సగంలో ఆగిన కట్టడాల స్లాబులు సరేసరి. ఆ ఏడాదే ఆగస్టులో వాన మొహం చాటేసింది, 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశానికి అదే అన్నిటికన్నా పొడి ఆగస్టు. జులైలో ముంచి ఆగస్టులో ఎండగట్టడమంటే, నింపిన పాత్రలను కదలకుండా వదిలేసినట్టే.

వానలు తక్కువైన ఏడు డెంగీ ఎందుకు పెరిగిందన్నది ఇందాకటి దానికి తిరగేసిన రూపం. వాన తగ్గితే నీళ్లు రెండు రోజులకోసారి, మూడు రోజులకోసారి వస్తాయి. బోరు అడుగంటుతుంది. మనం ఏం చేస్తాం? ఇంట్లో ఉన్న ప్రతి డ్రమ్మూ, గోలెమూ నింపిపెట్టుకుంటాం, మూత పెట్టం. ఏడిస్‌కు వానలో దొరకని నిలకడైన నీళ్లు కరువులో మనమే ఇస్తున్నాం. మిషన్ భగీరథ నల్లా వచ్చాక నిల్వ తగ్గాలి నిజానికి. కానీ నీళ్లు రోజూ వేళకు వస్తాయని నమ్మకం కుదిరేదాకా ఏ ఇల్లాలూ డ్రమ్ము తీసెయ్యదు. నేను అయినా తీసెయ్యను.

దీనికి మన ప్రాంతపు అలవాటు ఒకటి తోడవుతోంది: కూలరు. మార్చిలో బయటికి తీస్తాం, రోహిణి కార్తె దాకా నడుపుతాం, మృగశిర చినుకు పడగానే ప్లగ్గు తీసి కిటికీకే వదిలేస్తాం. అడుగు తొట్టిలో నాలుగు వేళ్ల నీళ్లు. వేసవిలో దాని గోడల మీద పెట్టిన ఏడిస్ గుడ్లు ఎండినా చావవు, ఆరు నెలలైనా ఓపిక పడతాయి. మళ్లీ తడి తగలగానే పగులుతాయి. అందుకే తొట్టి వంచి నీళ్లు పారబోస్తే పని అయిపోదు, పీచుతోనో బ్రష్షుతోనో గోడలు రుద్దాలి. కేసొచ్చిన ఇంటికి వెళ్తే మేం ముందు చూసేది కూలరే, తర్వాత ఫ్రిజ్ వెనకాల నీళ్లు పడే ట్రే. కాలనీలో పొగ కొట్టలేదని జనం గొడవ పెడతారు గానీ, ఆ పొగ గాల్లో ఎగిరే దోమల్ని కొన్నిటిని చంపుతుందంతే. తలుపులు వేసుకున్న ఇంట్లో మంచం కింద దాక్కున్న ఏడిస్‌ను అది తాకదు, తొట్టిలోని లార్వాను అసలే తాకదు.

వేడి దగ్గరికి వస్తే, వాతావరణం గట్టిగా పట్టు బిగించేది ఇక్కడే. జనం మాత్రం దీన్నే పట్టించుకోరు. దోమ రోగిని కుట్టగానే జబ్బు అంటించలేదు. వైరస్ దాని కడుపులోంచి లాలాజల గ్రంథుల దాకా చేరాలి, అందుకు రోజులు పడతాయి. డెంగీ వైరస్‌కు 25 డిగ్రీల దగ్గర సగటున 15 రోజులు, 30 డిగ్రీల దగ్గర ఆరేడు రోజులు. దోమ బతికేదే రెండు మూడు వారాలు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. రోజుకు నూటికి పది దోమలు చస్తాయనుకుందాం. 15 రోజులు ఆగాలంటే వందలో ఇరవై మిగులుతాయి. ఏడు రోజులే అయితే దాదాపు నలభై ఎనిమిది మిగులుతాయి. రోజుకు నూటికి ఇరవై చస్తాయనుకుంటే తేడా ఇంకా పెద్దది, అప్పుడు మూడు నాలుగుకు బదులు ఇరవై ఒకటి. అంటే దోమల సంఖ్య ఒక్కటి కూడా పెరగకుండానే, అయిదు డిగ్రీల వేడి వల్ల జబ్బు అంటించగల దోమలు రెండింతలో ఆరింతలో అవుతాయి. భయపడాల్సింది ముసలి దోమకే. గాల్లో తేమ కూడా ఇక్కడే పనికొస్తుంది, తేమ ఉంటే దోమ ఆయుష్షు పెరుగుతుంది, పొడిగాలి వీస్తే తొందరగా చస్తుంది.

మరి మేలో రామగుండం 45 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు డెంగీ పేలిపోవాలి కదా అనిపిస్తుంది. పేలదు. డెంగీ వ్యాప్తికి దాదాపు 29 డిగ్రీల దగ్గర ఉచ్ఛస్థితి, 35 దాటితే దోమ ఆయుష్షే పడిపోతుంది. మలేరియాకైతే ఉచ్ఛస్థితి ఇంకా కింద, 25 దగ్గర. అందువల్ల మన వేసవి దోమల జబ్బులకు ఒక విరామం. రోహిణి కార్తె ఎండను తిట్టుకుంటాం గానీ అది చేసే మేలు ఇది. ఇంటి లోపల, గోలెం వెనక నీడలో మాత్రం అయిదారు డిగ్రీలు తక్కువే ఉంటుంది, గుడ్లు ఎట్లాగూ ఉన్నాయి, అందుకే తెంపు పడదు. వాన మొదలై పగటి వేడి ముప్పై చుట్టూ దిగి, రాత్రి 24, 25కు తగ్గకుండా, తేమ నిండుగా ఉండే ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా మన వాతావరణం ఏడిస్‌కు కొలిచి కుట్టించిన చొక్కా.

రైతులు కార్తెలతో లెక్కపెడతారు కాబట్టి నేనూ ఊళ్లలో అట్లాగే చెప్పేవాణ్ని. గుడ్డు పగిలి దోమ కావడానికి వారం పది రోజులు. అది రోగిని కుట్టాక వైరస్ ముదరడానికి వారం నుంచి రెండు వారాలు. మనిషిని కుట్టాక జ్వరం రావడానికి నాలుగు నుంచి పది రోజులు. ఒక్క చుట్టు తిరగడానికే దాదాపు నెల. ఆసుపత్రి ముందు వరుస కనబడాలంటే అట్లాంటివి రెండు చుట్లు కావాలి. పునర్వసు, పుష్యమి వానలు పుబ్బ, ఉత్తరల్లో జ్వరాలుగా బయటపడతాయి. వినాయక చవితికి మొదలై బతుకమ్మ నాటికి ముదిరేది అందుకే. అప్పుడు హడావిడిగా చేసే సగం పని ఆలస్యం పని. చేయాల్సిన రోజులు ఆరుద్ర నుంచి ఆశ్లేష దాకా, కేసులే లేవు కదా అనిపించే రోజులు.

మలేరియా కథ పూర్తిగా వేరు, అది అడవి కథ. తాడ్వాయి, ఏటూరునాగారం, వెంకటాపురం, వాజేడు వైపు గూడేలకు పోతే మీ కాలనీ లెక్కలు పనిచెయ్యవు. అక్కడ వాగుల్లో, ఒర్రెల్లో పుట్టే అనాఫిలిస్‌లకు వానలు జోరుగా ఉన్నప్పుడు నిలువనీడ ఉండదు, ప్రవాహం ఊడ్చేస్తుంది. జోరు తగ్గి ఒర్రె సన్నగా తేటగా పారుతున్నప్పుడు, బండల మధ్య మడుగులు తేలినప్పుడు వాటి కాలం. అందుకే వానలు వెనకబట్టాక చలి ముదిరేలోపు ఒక పెరుగుదల ఉంటుంది. వాన తగ్గడం వల్లే మలేరియా విరుచుకుపడ్డ ఉదాహరణ చరిత్రలో పెద్దది ఉంది. 1934లో శ్రీలంకలో నైరుతి విఫలమై నదులు మడుగులుగా తెగిపోయాయి, మన దగ్గరా ఉండే అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ ఆ మడుగుల్లో పుట్టి కొన్ని నెలల్లో సుమారు 80 వేల మందిని పొట్టన పెట్టుకుంది. వానకూ జబ్బుకూ నేరుగా ముడి పెట్టేవాళ్లకు నేను ఈ ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

చలి మలేరియాను ఆపుతుంది. ప్రమాదకరమైన ఫాల్సిపారం పరాన్నజీవి 25 డిగ్రీల్లో దోమ కడుపులో 12 రోజుల్లో ముదిరితే, 20 డిగ్రీల్లో 28 రోజులు తీసుకుంటుంది, 16 కింద ఎదగనే ఎదగదు. మలేరియా తెచ్చే ఇంకో పరాన్నజీవి వైవాక్స్ ఇంకొంచెం చలికి ఓరుస్తుంది. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ రాత్రులు వణికిస్తాయి కదా, అక్కడ వ్యాప్తి తెగేది అప్పుడే. ఆ రాత్రులు రెండు డిగ్రీలు వెచ్చబడితే తెగే కాలం కుదించుకుపోతుంది. రోనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లో, ఆగస్టు 20న. ఆ పరాన్నజీవి ఎదగడానికి అనువైన నెల దొరకడం కూడా ఆయనకు కలిసొచ్చిందని నేననుకుంటాను. ఇంకో చిక్కు, వైవాక్స్ కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. మేలో వచ్చిన వైవాక్స్ జ్వరం మే నెల దోమ పని కాకపోవచ్చు, కాలేయంలో దాక్కున్నదాన్ని చంపే ప్రైమాక్విన్ మాత్రల 14 రోజుల కోర్సు మధ్యలో ఆపేసినవాళ్ల పాత జబ్బు కావచ్చు. దాన్ని వాతావరణం ఖాతాలో వేస్తే తప్పు లెక్క.

వరిమళ్ల క్యూలెక్స్ సంగతి క్లుప్తంగా. శ్రీరాంసాగర్ కాల్వలు, బాగుచేసిన చెరువులు, బోర్లు కలిసి యాసంగి వరి బాగా పెరిగింది. నీళ్లు నిలిచిన పొలం అంటే ఎండాకాలం మొదట్లో కూడా ఈ దోమకు చోటు. మెదడువాపు వైరస్ కొంగల్లో, పందుల్లో పెరుగుతుంది, మనిషి దానికి చివరి మజిలీ. పిల్లలకు టీకా ఉంది, వేయిస్తే అది పెద్ద రక్ష. ఇక్కడ ఒక హెచ్చరిక. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, మన వరంగల్, కరీంనగర్ వైపు కూడా, 329 మంది పిల్లలకు మెదడు జబ్బు వచ్చి 183 మంది పోయారు. మొదట అందరూ మెదడువాపే అనుకున్నారు. తేలింది చండీపుర వైరస్, మోసేది దోమ కాదు, గోడ పగుళ్లలో, పశువుల కొట్టాల్లో ఉండే ఇసుక ఈగ. వానకాలం మొదట్లో పిల్లలకు వచ్చే ప్రతి మెదడు జ్వరాన్నీ దోమకు అంటగట్టకూడదు.

ఎల్‌నినో అంటే పసిఫిక్ సముద్రం నడుమ, తూర్పు వైపు నీళ్లు వేడెక్కడం. ఆ ఏడు మన నైరుతి బలహీనపడే అవకాశం ఎక్కువ, ఖాయం మాత్రం కాదు. 1997లో బలమైన ఎల్‌నినో ఉన్నా దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కితే కథ ఇంకో దారి పడుతుంది. 2019లో అది జరిగింది. జూన్‌లో వాన ఆలస్యం, ఆగస్టు, సెప్టెంబరుల్లో దంచికొట్టడం, నైరుతి వెనక్కి మళ్లడం అక్టోబరు 9న గానీ మొదలుకాలేదు, రికార్డుల్లో అంత ఆలస్యం ఎప్పుడూ లేదు. తెలంగాణలో ఆ ఏడు డెంగీ ఎంత తీవ్రమైందంటే విషయం హైకోర్టు దాకా వెళ్లింది. తడి, వెచ్చదనం కలిసున్న రోజులు ఇంకో నెల సాగితే వైరస్‌కు ఇంకో చుట్టు తిరిగే వీలు దొరుకుతుంది. సముద్రానికీ మీ ఇంటి జ్వరానికీ మధ్య ఉన్న తాడు ఇదే, కాలం ఎంత సాగింది అన్నది. మొత్తం ఎంత వాన అన్నదానికంటే నాకు దీని మీదే గురి.

అయితే అన్నీ వాతావరణం మీదికి తోసెయ్యడం నాకు నచ్చదు. ఇరవై ఏళ్లుగా వేడి పెరుగుతూనే ఉంది, మరి దేశంలో మలేరియా ఏమైంది? 2000లో 20 లక్షల చుట్టూ నమోదైన కేసులు 2020 నాటికి 2 లక్షల లోపుకు దిగాయి. మందు పూసిన దోమతెరలు, గూడెంలోనే ఆశా కార్యకర్త చేతిలో రక్తపరీక్ష, వెంటనే మాత్రలు, వీటి ఫలితం అది. అదే కాలంలో డెంగీ పెరిగింది. ఎండ రెండింటికీ ఒకటే, తేడా పట్టణాల పెరుగుదలలో, నీళ్ల నిల్వలో, చెత్తలో ఉంది. జనంలో ఉన్న నిరోధక శక్తి కూడా లెక్కలోకి వస్తుంది. 2006లో చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లను నడుం వంచి నడిపించింది. ఆ తర్వాతి ఏడు వానలూ వచ్చాయి, దోమలూ ఉన్నాయి, జబ్బు మాత్రం వెనక్కి తగ్గింది, కుట్టడానికి కొత్త మనుషులు మిగల్లేదు కాబట్టి. డెంగీకి నాలుగు రకాలున్నాయి, ఒకటి వచ్చి పోతే మిగతా మూడింటికి తలుపు తెరిచే ఉంటుంది. మీరు చెప్పిన ఆ రెండేళ్ల తేడాలో వానతో పాటు ఇది కూడా పనిచేసి ఉండొచ్చు.

మీ కాలనీ కమిటీ ఏం చేయాలో అదీ చెప్తాను. రాష్ట్ర ప్రణాళికా అభివృద్ధి సంస్థ మండలాలవారీగా రోజువారీ వాన, ఎండ, తేమ లెక్కలు ఆన్‌లైన్‌లో పెడుతోంది, మీ వాళ్లలో ఒకరు జూన్ నుంచి అక్టోబరు దాకా అవి చూస్తూ ఉండాలి. రెండు సందర్భాల్లో కదలాలి. పెద్దవాన తర్వాత తెరిపిచ్చిన మొదటి వారం ఒకటి, అప్పుడు సెల్లార్లు తోడించి, చెత్త ఎత్తించి, ఖాళీ ప్లాట్లలో నిలిచిన నీళ్లలో ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన ఉండలు) వేయించాలి, తోడడానికి వీలుకాని బావి ఉంటే లార్వాలను తినే గంబూజియా చేపలు అడగండి, ఇస్తారు. రెండోది జల్లులు ఆగి ఆగి పడుతూ పగలు ముప్పై చుట్టూ ఉన్న వారాలు. ఆ వారాల్లో ఫ్రైడే డ్రైడే, అంటే శుక్రవారం నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టడం, ఒక్క ఇల్లు కూడా తప్పకూడదు, ఎందుకంటే గుడ్డు నుంచి దోమకు పట్టే వారం రోజుల్ని తెంచడానికే ఆ వారానికోసారి అన్న లెక్క పెట్టారు. ఏడిస్ మహా ఎగిరితే నాలుగు వందల మీటర్లు, మామూలుగా అంత కూడా పోదు, కాబట్టి మీకు అంటించే దోమ మీ వీధిలోనే పుట్టింది. తాళం వేసి ఊరెళ్లిన ఇళ్ల ట్యాంకులు, కూలర్లు ఎవరు చూస్తారో జూన్‌లోనే తేల్చుకోండి.